ఐబీఎం నుంచి జగదీశ్ మార్కెట్ దాకా: మెషీన్ విప్పే చేతుల కథ

ఏ ఫోన్ రివ్యూ తీసుకున్నా వరుస ఒకటే. డిస్‌ప్లే, ప్రాసెసర్, కెమెరా, బ్యాటరీ, చివర్లో ధర. మూడేళ్ల తర్వాత ఆ ఫోన్ ఆన్ కాకపోతే ఎవరు విప్పగలరు, పార్ట్ ఎక్కడ దొరుకుతుంది అనే వరుస మాత్రం ఏ స్పెక్ షీట్‌లోనూ కనిపించదు. ఆ ప్రశ్నకి జవాబు కావాలంటే నాంపల్లి స్టేషన్‌లో దిగి, స్టేషన్ రోడ్డు మీదుగా ఆబిడ్స్‌కి నడుచుకుంటూ వెళ్లాలి. అక్కడ జగదీశ్ మార్కెట్ సందుల్లో చిన్న చిన్న బల్లల మీద రోజూ ఎన్నో ఫోన్లు గుండె తెరుచుకుని పడి ఉంటాయి.

ఆబిడ్స్‌కి ఆ పేరు ఇచ్చింది ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మేనియన్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆయన ఇక్కడ ఒక షాపు పెట్టాడు. షాపు పోయింది, పేరు మిగిలింది. కొత్త సరుకు కొనుక్కునే చోటుగా మొదలైన ఈ ఏరియా ఇప్పుడు పాత సరుకుకి ప్రాణం పోసే చోటు కూడా. నా లెక్కలో మన దేశపు కంప్యూటర్ చరిత్రని ఈ రెండో పని వైపు నుంచి చూస్తేనే బాగా అర్థమవుతుంది.

బస్ స్టాప్ కాదు, కంప్యూటర్ ఫ్యాక్టరీ

ఈసీఐఎల్ అంటే మనలో చాలామందికి ఒక చౌరస్తా, ఒక బస్ బోర్డు. కానీ 1967 ఏప్రిల్‌లో మొదలైన ఆ ప్రభుత్వ సంస్థ పేరు మీదే మన దేశంలో తయారైన తొలి కమర్షియల్ కంప్యూటర్లు బయటికొచ్చాయి. దాన్ని నిలబెట్టిన ఏఎస్ రావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. ఏఎస్ రావు నగర్ ఆయన పేరే.

1969లో వచ్చిన టీడీసీ-12 పేరులో మొదటి అక్షరం ట్రాంబేది, చివరి 12 బిట్ల సంఖ్య. మెమరీ 4 వేల వర్డులు. లెక్క వేస్తే సుమారు 6 కేబీ. మీ ఫోన్‌లో 8 జీబీ ర్యామ్ ఉంటే అది దానికి దాదాపు 14 లక్షల రెట్లు. పైగా అది చిప్ కాదు, కోర్ మెమరీ. ఒక్కో బిట్‌కి ఒక్కో చిన్న ఫెర్రైట్ రింగు, ఆ రింగుల్లోంచి పూసలు గుచ్చినట్టు సన్నటి తీగలు. అలాంటి రింగులు 49 వేల పైచిలుకు. ఎక్కడ తెగిందో మీటర్ పెట్టి వెతకొచ్చు. నెమ్మది మెషీనే, కానీ దాని లోపల ఏముందో మనవాళ్లకి ప్రతి తీగా తెలుసు. అప్పట్లో ఇదేమీ చిన్న విషయం కాదు.

అద్దె మెషీన్లు, సొంత స్క్రూడ్రైవర్

ఎందుకంటే ఆ రోజుల్లో దేశంలో ఎక్కువగా కనిపించే పేరు ఐబీఎం. దాని 1401 మోడల్‌తో పాటు పంచ్ కార్డు మెషీన్లని ఆఫీసులకి అద్దెకిచ్చేది. వాటిలో చాలావరకు బయటి దేశాల్లో వాడి పక్కన పెట్టినవి, ఇక్కడ బాగుచేసి తిప్పినవి. మెషీన్ కంపెనీదే, రిపేర్ చేసేదీ కంపెనీ ఇంజినీరే. నెలనెలా డబ్బు కట్టే కస్టమర్‌కి మాత్రం మూత తీసే పని లేదు. ఇప్పటి భాషలో చెప్పాలంటే పక్కా క్లోజ్డ్ ఎకోసిస్టమ్.

1973 నాటి విదేశీ మారకద్రవ్య చట్టం కింద విదేశీ కంపెనీలు తమ వాటాని 40 శాతానికి తగ్గించుకోవాలన్నారు. ఐబీఎం ఒప్పుకోకుండా 1978లో దేశం వదిలి వెళ్లింది. మరి వందలాది ఆఫీసుల్లో మిగిలిన ఆ మెషీన్లని ఎవరు చూసుకోవాలి? ఆ పని సీఎంసీకి వచ్చింది. ఆ పేరు పూర్తిగా విప్పితే కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్. ఒక ప్రభుత్వ కంపెనీ పేరులోనే రిపేర్ ఉందన్నమాట. తర్వాత్తర్వాత దాని హెడ్డాఫీసు మన హైదరాబాదే అయింది.

ఆసక్తికరమైన విషయం ఏంటంటే, రిపేర్‌తో మొదలైన చేతులు అక్కడితో ఆగలేదు. రైల్వే రిజర్వేషన్‌ని కంప్యూటర్ మీదకి ఎక్కించింది సీఎంసీనే, 1985లో ఢిల్లీలో. తర్వాత రైల్వే వాళ్ల సొంత సంస్థ క్రిస్ తయారుచేసిన కాన్సర్ట్ సాఫ్ట్‌వేర్ 1994లో మొదట సికింద్రాబాద్‌లో నడిచింది. 1907 నాటి నాంపల్లి స్టేషన్ కౌంటర్‌లో కూర్చుని దేశంలో ఏ మూల నుంచి ఏ మూలకైనా బెర్తు ఇవ్వగలగడం వెనక ఉన్నది ఈ దారే. ఇంకొకరి మెషీన్‌ని విప్పి అర్థం చేసుకున్నవాళ్లు తమ సిస్టమ్ కట్టుకున్నారు. వరుస అదే: ముందు విప్పడం, తర్వాత కట్టడం.

అసెంబుల్డ్ పీసీ అనే స్కూల్

1981లో వచ్చిన ఐబీఎం పీసీ ఇంకో తలుపు తెరిచింది. బయట మార్కెట్లో దొరికే పార్టులతోనే దాన్ని చేశారు, సర్క్యూట్ వివరాలు మాన్యువల్‌లో అచ్చేశారు. దాంతో క్లోన్లు పుట్టుకొచ్చాయి. 1984లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కంప్యూటర్ పాలసీ మార్చి దిగుమతి సుంకాలు తగ్గించాక ఆ విడిభాగాలు మన ఊళ్లకీ చేరాయి. బోర్డు ఒకచోట, క్యాబినెట్ ఒకచోట కొనుక్కుని బిగించుకునే అసెంబుల్డ్ పీసీ మన నగరంలో ఒక కల్చర్. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఎస్ఎంపీఎస్ మోసుకుంటూ తిరగని హైదరాబాద్ ఇంజినీరింగ్ స్టూడెంట్ అరుదు. పుస్తకాలకి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్. సిలబస్ మారి సీనియర్లు వదిలించుకున్న సీ లాంగ్వేజ్ పుస్తకాలు అక్కడే మళ్లీ చేతులు మారతాయి.

బల్ల మీద డీబగ్గింగ్

మా కొలీగ్ ఫోన్ ఒకటి పోయిన నెల డెడ్ అయింది. ఒక సర్వీస్ సెంటర్‌లో మదర్‌బోర్డు మొత్తం మార్చాలన్నారు. ఆ ఖర్చుకి ఇంకొంచెం కలిపితే కొత్త ఫోనే వస్తుంది. సరే, ఒక మాట చూపిద్దామని జగదీశ్ మార్కెట్ తీసుకెళ్లాం.

"నీళ్లల్ల పడ్డదా తమ్మీ?"

"లేదన్నా, రాత్రి ఛార్జింగ్ పెట్టి పండుకున్నడు. పొద్దుగాల ఆన్ కాలే."

ఆయన బ్యాటరీ తీసేసి, బోర్డుని పవర్ సప్లై మెషీన్‌కి కలిపాడు. పవర్ బటన్ నొక్కకముందు మీటర్ సున్నా దగ్గర ఉండాలి. కలపగానే కరెంట్ పైకి లేచింది. అంటే మెయిన్ లైన్ ఎక్కడో షార్ట్. తర్వాత బోర్డు మీద రోజిన్ పొగ పట్టించాడు, తెల్లటి పొడిలా అంటుకుంది. చిన్న వోల్టేజ్ ఇవ్వగానే ఒక్కచోట ఆ తెలుపు కరిగిపోయింది. షార్ట్ అయిన పార్టే వేడెక్కుతుంది కాబట్టి దొంగ తనంతట తనే దొరికాడు. ఆవగింజంత కెపాసిటర్. మైక్రోస్కోప్ కింద దాన్ని పీకేశాక ఫోన్ లేచింది. "బోర్డు మంచిగనే ఉన్నది తమ్మీ, గిదొక్కటే పోయింది" అన్నాడు.

మేం ఆఫీసులో లాగ్స్ పెట్టి బగ్ ఏ ఫంక్షన్‌లో ఉందో వెతికేదీ, ఆయన చేసిందీ ఒకటే పని. తేడా ఏంటంటే మా చేతిలో సోర్స్ కోడ్ ఉంటుంది. ఆయనకి కంపెనీ సర్క్యూట్ డయాగ్రామ్ ఇవ్వదు.

తాళం ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో

కథ మళ్లీ 1401 రోజులకి తిరుగుతోంది, అదే అసలు భయం. ఈసారి మూతకి స్క్రూ కాదు, కోడ్ అడ్డం. పార్ట్ పెయిరింగ్ అంటే స్క్రీన్, బ్యాటరీ సీరియల్ నంబర్‌ని బోర్డుతో ముడిపెట్టడం. 2021లో ఐఫోన్ 13 స్క్రీన్ బయట మారిస్తే ఫేస్ ఐడీ ఆగిపోయేది. గొడవ పెద్దదయ్యాక ఆపిల్ అప్‌డేట్‌తో సరిచేసింది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2024లో ఇలాంటి పెయిరింగ్‌కి అడ్డుకట్ట వేస్తూ చట్టం చేసింది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి ఫోన్ అమ్మకాలు ఆపేశాక కూడా 7 ఏళ్లు ముఖ్యమైన విడిభాగాలు ఇవ్వాలి, రిపేర్ ఎంత తేలికో లేబుల్ మీద గ్రేడ్ వేయాలి.

మన దగ్గర 2022 డిసెంబర్‌లో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది. 2025 మేలో ఒక కమిటీ మొబైల్స్‌కి, ఇతర ఎలక్ట్రానిక్స్‌కి రిపేరబిలిటీ ఇండెక్స్ ఉండాలని రిపోర్ట్ ఇచ్చింది. స్కోరు షాపులోనూ, ఆన్‌లైన్‌లోనూ కొనేవాడికి కనిపించాలన్నది అందులోని మాట. మంచిదే. కానీ స్కోరు బాక్స్ మీదకి రావడంతో సరిపోదు. ఒరిజినల్ పార్టూ, డయాగ్రామూ ఈ బల్ల దాకా రాకపోతే డూప్లికేట్‌లే రాజ్యమేలతాయి.

ఈ మార్కెట్‌ని అద్దంలా చూపించాలని లేదు. ఇలాంటి చోట్ల నకిలీ యాక్సెసరీలు, దొంగ ఫోన్లు దొరికాయన్న వార్తలు వస్తూనే ఉంటాయి. కాబట్టి మీరు వెళ్తే ఇవి గుర్తుపెట్టుకోండి.

సెకండ్ హ్యాండ్ కొనేముందు ఆ ఫోన్‌లో స్టార్, హ్యాష్, 06, హ్యాష్ కొట్టి ఐఎంఈఐ చూడండి. ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం అని టైప్ చేసి, స్పేస్ ఇచ్చి, ఆ 15 అంకెలు 14422కి మెసేజ్ చేస్తే దాని సంగతి తెలుస్తుంది.

రిపేర్‌కి ఇచ్చేముందు ఫోన్ ఆన్ అవుతుంటే బ్యాకప్ తీయండి. పిన్ చెప్పకండి. శాంసంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉన్నాయి, అవి మీ డేటాని పక్కన పెట్టేస్తాయి.

పార్ట్ ఒరిజినలా, కాపీనా అని ముందే అడగండి. బోర్డు మీ కళ్లముందే విప్పమనండి. తీసిన పాత పార్ట్ అడిగి తెచ్చుకోండి.

ఇక కొత్త ఫోన్ కొనేటప్పుడు ఇంకో ప్రశ్న కలపండి: దీని డిస్‌ప్లే, బ్యాటరీ విడిగా దొరుకుతాయా, ఎంతకి? షాపువాడు నీళ్లు నమిలితే అదే మీ రివ్యూ. 1978లో ఒక కంపెనీ వెళ్లిపోయినా మెషీన్లు ఆగకపోవడానికి కారణం వాటిని విప్పగలిగిన మనుషులు ఇక్కడ ఉండటమే. రేపు మీ ఫోన్ కంపెనీ ఆ మోడల్‌ని వదిలేసిన రోజున ఆ మనుషులు మిగిలుంటారా లేదా అన్నది ఇవాళ మనం ఏం అడుగుతామనే దాని మీద ఆధారపడి ఉంది.