సన్‌రైజర్స్ వర్సెస్ కోల్‌కతా: ఐదు ప్లేఆఫ్ మ్యాచ్‌లు.. అసలేంటి ఈ 160 లెక్క?

ఆంధ్రప్రదేశ్‌కు సొంత ఐపీఎల్ టీమ్ లేదు. అందుకే హైదరాబాద్-విజయవాడ హైవే మీదున్న జగ్గయ్యపేట, నందిగామ లాంటి ఊళ్లలో 'మన టీమ్' అంటే ముందుగా గుర్తొచ్చేది సన్‌రైజర్స్ హైదరాబాదే. మరి ప్లేఆఫ్స్‌లో మనోళ్లను ఎక్కువసార్లు ఓడించిన టీమ్ ఏది? చెన్నై కాదు, ఢిల్లీ కాదు.. కోల్‌కతా నైట్ రైడర్స్.

2024 సీజన్ వరకు ఈ రెండు జట్లు ప్లేఆఫ్స్‌లో ఐదుసార్లు తలపడ్డాయి. కోల్‌కతా 3, హైదరాబాద్ 2 గెలిచాయి. ఐదింటిలోనూ హైదరాబాద్‌దే ఫస్ట్ బ్యాటింగ్. స్కోరు 160 దాటిన రెండుసార్లూ గెలిచింది. దాటని మూడుసార్లూ ఓడింది.

ప్లేఆఫ్స్ ఎలా ఉంటాయి?

పాయింట్ల పట్టికలో మొదటి రెండు జట్లు క్వాలిఫయర్-1 ఆడతాయి. గెలిచిన జట్టు నేరుగా ఫైనల్‌కు వెళ్తుంది, ఓడిన జట్టుకు క్వాలిఫయర్-2 రూపంలో ఇంకో ఛాన్స్ ఉంటుంది. మూడు, నాలుగు స్థానాల్లోని జట్లు ఎలిమినేటర్ ఆడతాయి. అందులో ఓడితే ఇంటికే.

ఐదు మ్యాచ్‌లు ఇవే

2016 ఎలిమినేటర్, ఢిల్లీ: హైదరాబాద్ 162/8. యువరాజ్ సింగ్ 44 కొట్టాడు. భువనేశ్వర్ 3 వికెట్లు తీయడంతో కోల్‌కతా 140 దగ్గర ఆగింది. 22 పరుగుల గెలుపు. ఆ ఏడాది కప్పు కూడా మనదే.

2017 ఎలిమినేటర్, బెంగళూరు: హైదరాబాద్ 128/7. తర్వాత వాన. కోల్‌కతా టార్గెట్ 6 ఓవర్లలో 48కి మారింది. 3 వికెట్లు త్వరగా పడినా గంభీర్ నిలబడి అర్ధరాత్రి దాటాక మ్యాచ్ ముగించాడు.

2018 క్వాలిఫయర్-2, ఈడెన్ గార్డెన్స్: చివర్లో రషీద్ ఖాన్ 10 బంతుల్లో 34 బాదడంతో స్కోరు 174కి చేరింది. తర్వాత అతనే 3 వికెట్లు తీశాడు. కోల్‌కతా సొంత గ్రౌండ్‌లోనే హైదరాబాద్ గెలుపు.

2024 క్వాలిఫయర్-1, అహ్మదాబాద్: హైదరాబాద్ 159 ఆలౌట్. కోల్‌కతా 13.4 ఓవర్లలోనే కొట్టేసింది.

2024 ఫైనల్, చెన్నై: హైదరాబాద్ 113 ఆలౌట్. ఐపీఎల్ ఫైనల్స్‌లో ఇదే అత్యల్ప స్కోరు. కోల్‌కతా 8 వికెట్ల తేడాతో గెలిచి కప్పు ఎత్తుకుపోయింది.

ఎక్కడ దెబ్బ పడింది?

మొదటి మూడు మ్యాచ్‌ల్లో టాస్ గెలిచి బౌలింగ్ తీసుకుంది కోల్‌కతానే. 2024లో మాత్రం రెండుసార్లూ టాస్ మనదే, బ్యాటింగ్ నిర్ణయమూ కమిన్స్‌దే. అదే సీజన్‌లో 277, 287 కొట్టిన జట్టు కాబట్టి ఆ నిర్ణయం వింతేమీ కాదు. కానీ ఆ స్కోర్లకు పునాది ఓపెనర్లు. మిచెల్ స్టార్క్ సరిగ్గా అక్కడే కొట్టాడు. క్వాలిఫయర్‌లో హెడ్‌ను, ఫైనల్‌లో అభిషేక్ శర్మను మొదటి ఓవర్లోనే బౌల్డ్ చేశాడు. ఐదు ఓవర్లు పూర్తయ్యేలోపు క్వాలిఫయర్‌లో 4, ఫైనల్‌లో 3 వికెట్లు పోయాయి. మిడిల్ ఆర్డర్‌కు ఇక ఆడే ఛాన్సే దొరకలేదు.

2025 మే 25న ఢిల్లీలో క్లాసెన్ 37 బంతుల్లో సెంచరీ బాదాడు. హైదరాబాద్ 278 చేసి ఇదే కోల్‌కతాను 110 పరుగుల తేడాతో చిత్తు చేసింది. కానీ అప్పటికే రెండు జట్లూ ప్లేఆఫ్స్ రేసులో లేవు. ఫైనల్ బాకీ అలాగే ఉండిపోయింది.

ఐదు మ్యాచ్‌లతో రూల్ రాసేయలేం, 2017లో వాన కూడా ఫలితంపై ప్రభావం చూపింది. అయినా ఈ రెండు జట్లు మళ్లీ ప్లేఆఫ్స్‌లో ఎదురైతే టాస్ ఎవరు గెలిచారన్న దానికంటే, ఆరు ఓవర్లయ్యేసరికి హైదరాబాద్ చేతిలో ఎన్ని వికెట్లున్నాయో చూడండి. 160 దాటుతుందా లేదా అనేది చాలావరకు అక్కడే తెలిసిపోతుంది.