ఆకలి ఎవరి మాట వింటుంది?

"ఒరేయ్, మిగతావాళ్ళకి కాస్త ఉంచరా!"

మా హాస్టల్ మెస్సులో లావుపాటి మిత్రుడొకడు మారు అన్నం పెట్టించుకున్నప్పుడల్లా వినిపించిన మాట ఇది. అందరితోపాటు నేనూ నవ్వాను. కొన్నాళ్ళకి అతను అందరూ తిని వెళ్ళాక ఒక్కడే వచ్చి తినడం మొదలుపెట్టాడు. నోటి మీద అదుపు లేకే లావెక్కాడని మేమంతా తీర్పు చెప్పేశాం. ఆ తీర్పు ఎంత తొందరపాటో డా॥ డగ్లస్ కోల్‌మన్ పరిశోధనల గురించి చదివాక గాని నాకు తెలియలేదు.

కోల్‌మన్ కెనడాలో పుట్టిన జీవరసాయన శాస్త్రజ్ఞుడు. 1958లో అమెరికాలోని బార్ హార్బర్ అనే ఊళ్ళో ఉన్న జాక్సన్ లేబొరేటరీలో చేరారు. చిట్టెలుకల పెంపకానికి అది పేరుపొందిన చోటు. అక్కడ రెండు రకాల లావుపాటి చిట్టెలుకలు ఉండేవి. ఒకటి 1949లో బయటపడిన 'ఓబీ' రకం, రెండోది 1960ల మధ్యలో దొరికిన 'డీబీ' రకం. రెండూ తెగ తింటాయి, తెగ బలుస్తాయి. మరి రెండింటి జబ్బూ ఒకటేనా?

ఇది తేల్చడానికి కోల్‌మన్ రెండేసి ఎలుకల్ని పక్కపక్కన చేర్చి కుట్టి, ఒకదాని రక్తం రెండోదానిలోకి కొద్దికొద్దిగా పారేటట్లు చేశారు. డీబీకి మామూలు ఎలుకని జత చేస్తే మామూలుది తిండి మానేసి మాడి చచ్చిపోయింది. డీబీ మాత్రం తింటూనే ఉంది. డీబీకి ఓబీని జత చేస్తే? అంత తిండిపోతు ఓబీ కూడా తినడం మానేసి చిక్కి చచ్చిపోయింది! ఓబీని మామూలుదానితో కలిపితే ఓబీ తిండి తగ్గింది. మామూలుదానికి ఏమీ కాలేదు.

రైతు ఇంట పుట్టినవాణ్ణి గనక నాకిది గాదె లెక్కన అర్థమైంది. గాదె నిండుగా ఉంటే ఇంట్లో నిశ్చింత, అడుగంటితే ఆదుర్దా. శరీరానికి కొవ్వే గాదె. "గింజలున్నాయి, ఇక చాలు" అని మెదడుకి రక్తం ద్వారా కబురు వెళ్ళాలి. ఓబీ ఎలుకలో కబురే పుట్టదు. డీబీ ఎలుకలో కబురు దండిగా పుడుతుంది గాని వినే చెవి లేదు. ఆ రోజుల్లో ఈ మాట చాలామంది నమ్మలేదు.

1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో డా॥ జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఆ కబురుని పట్టుకుంది. అది కొవ్వు కణాల్లోనే తయారయ్యే హార్మోను. 'సన్నని' అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి దానికి 'లెప్టిన్' అని పేరు పెట్టారు. 1995లో లెప్టిన్ ఎక్కించి చూస్తే ఓబీ ఎలుకలు చిక్కాయి, డీబీ ఎలుకలు చిక్కలేదు. కోల్‌మన్ లెక్క సరిపోయింది! 2010లో ఇద్దరికీ కలిపి లాస్కర్ అవార్డు ఇచ్చారు.

మరి మనుషుల సంగతి? 1997లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు లెప్టిన్ బొత్తిగా లేని ఇద్దరు పిల్లల్ని గుర్తించారు. వాళ్ళలో ఎనిమిదేళ్ళ పాప బరువు 86 కిలోలు! ఎంత తిన్నా ఆకలి తీరేది కాదు. ఆ తర్వాత లెప్టిన్ ఇంజక్షన్లు ఇస్తే ఏడాదిలో 16 కిలోలు తగ్గింది. ఆ పాపని "తిండి తగ్గించు" అని తిడితే ఏం లాభం?

అయితే లావుగా ఉన్నవాళ్ళందరికీ ఇదే మందు అనుకోకూడదు. అలాంటి పిల్లలు చాలా అరుదు. లావుపాటివాళ్ళలో చాలామందికి లెప్టిన్ తక్కువ కాదు, ఎక్కువే ఉంటుంది. మెదడు దాన్ని సరిగా లెక్కచెయ్యదు. పైగా పట్టుదలగా తిండి తగ్గిస్తే కొవ్వుతో పాటు లెప్టిన్ కూడా పడిపోతుంది. మెదడు "కరువొచ్చింది" అనుకుని ఆకలి పెంచుతుంది. తగ్గిన బరువు మళ్ళీ రావడానికి ఇదొక కారణం. తిండి, శ్రమ ముఖ్యం కాదని నేననడం లేదు. కాని అందరి ఆకలీ ఒకటి కాదు. ఒకే కొట్టంలో, ఒకే మేత తిన్న రెండు గొడ్లు ఒకేలా ఉండవని మా నాన్న ఎప్పుడూ అంటూనే ఉంటాడు!

నా మిత్రుడి ఒంట్లో ఏముందో నాకు తెలియదు. తెలియకుండానే నవ్వాను. అదే నా తప్పు. ఇప్పుడు వడ్డన మొదలయ్యే వేళకే అతన్ని వెంటబెట్టుకుని మెస్సుకి వెళ్తున్నాను. హాస్టల్ మిత్రులారా, ఎదుటివాడి కంచం వంక చూసి నవ్వేముందు ఆ చిట్టెలుకల్ని ఒక్కసారి తలచుకోండి.