ఒక్కపూట వైద్యం, తడిసి మోపెడైన బిల్లు

కొలనోస్కోపీనే తీసుకుందాం. పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే ఈ పరీక్షకు పొద్దున పరగడుపున వెళ్తే సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు. ఎంతవుతుందని ఫోన్ చేసి అడిగితే ఒక అంకె చెబుతారు. చేతికొచ్చిన బిల్లులో ఆ అంకె మొదటి వరుసలోనే ఉంటుంది. దాని కింద మత్తు డాక్టరు ఫీజు, డే కేర్ మంచం, ఇంజెక్షన్లు, గ్లవుజులు, ఒకసారి వాడి పారేసే ఫోర్సెప్స్, ముక్క తీశారు కాబట్టి బయాప్సీ, రెండుచోట్ల తీశారు కాబట్టి రెండు బయాప్సీలు. మనం అడిగింది పరీక్ష ఖరీదు, వాళ్లు చెప్పిందీ అదే. మనకు తెలియాల్సింది మాత్రం ఇంటికి బయల్దేరేలోపు కట్టాల్సిన మొత్తం.

ఆ మొత్తం ముందే చెప్పడం సాధ్యమేనని, చెప్పి తీరాలని నా వాదన. అర్ధరాత్రి గుండెనొప్పితో వచ్చిన మనిషికి ఎంత ఖర్చవుతుందో ముందే చెప్పమనడం న్యాయం కాదు. ఒక్కపూటలో ముగిసే ప్రొసీజర్ అలాంటిది కాదు. తేదీ ముందే ఖాయమవుతుంది, అదే బృందం అదే గదిలో రోజూ చేసే పనే, ఎన్ని సిరంజిలు పడతాయో స్టోర్సు వాళ్లకు కంఠతా వచ్చు. లోపల ఏం కనబడుతుందో ఎలా చెప్పగలమని వైద్యులు అడుగుతారు. అందులో నిజముంది. పాలిప్ అనే చిన్న కండ కనబడితే అప్పుడే తీసేయడం రోగికే మేలు. కానీ కనబడే వీలుందని తెలిసిన ఆస్పత్రికి, కనబడితే ఎంత అదనమో కూడా తెలుసు. ఆ రెండో అంకెను ఎస్టిమేట్ కాగితం మీద రాయడానికి అడ్డేమిటి?

అసలు డబ్బు ఎక్కువగా పోయేది ఈ చిన్న వరుసల్లోనే. మందుల ధరల నియంత్రణ సంస్థ ఎన్‌పీపీఏ 2018లో ఢిల్లీ ప్రాంతంలోని నాలుగు ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులను పరిశీలించి, కొన్ని వస్తువుల మీద 1,737 శాతం దాకా లాభం వేసుకున్నారని తేల్చింది. ఎంఆర్‌పీ దాటలేదు కదా అనే సమాధానం ఇక్కడ నిలవదు, ఆ ఎంఆర్‌పీనే ఎక్కువగా ముద్రిస్తున్నారన్నది కూడా ఆ పరిశీలనలో తేలిన మాటే. ఆస్పత్రికీ ఆస్పత్రికీ సౌకర్యాల్లో తేడా ఉంటుంది, ధరలూ వేరుగానే ఉంటాయంటారా? ఉండనివ్వండి. ఎవరి ధర వాళ్లు ముందే చెప్పమనడమే నేను కోరేది.

ఇన్సూరెన్సు ఉందిగా అనే ధీమా కూడా ఇక్కడ అంతగా పనికిరాదు. 24 గంటలు ఆస్పత్రిలో ఉండనక్కర్లేని డే కేర్ చికిత్సలకు పాలసీలు డబ్బిస్తాయి, కానీ మామూలుగా ఓపీలోనే చేసే వైద్యం ఆ నిర్వచనంలోకి రాదు. మీ ప్రొసీజర్ ఆ గీతకు ఇవతల పడుతుందో, అవతల పడుతుందో బీమా కంపెనీని ముందే అడిగి, జవాబు మెయిల్లో తెప్పించుకోవాలి. గ్లవుజులు, మాస్కుల్లాంటివి చాలా పాలసీల్లో మన జేబు మీదే పడతాయి.

డాక్టరుగారిని డబ్బు సంగతి అడిగితే ఏమనుకుంటారో, వైద్యం సరిగా చేస్తారో లేదో అనే జంకు మనలో చాలామందికి ఉంది. ఆ భయం ఉత్తదని కొట్టిపారేయలేను, ప్రాణం వాళ్ల చేతిలో పెట్టి మాట్లాడుతున్నాం మరి. అందుకే డాక్టరును కాదు, బిల్లింగ్ కౌంటర్లో అడగండి. 2012 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నిబంధనలు ధరల పట్టికను స్థానిక భాషలో కూడా అందరికీ కనబడేలా పెట్టాలంటున్నాయి. ఆ నిబంధనలకు మూలమైన కేంద్ర చట్టాన్ని తెలంగాణ స్వీకరించింది. ఆంధ్రప్రదేశ్‌కు 2002 నాటి సొంత చట్టం ఉంది.

బిల్లు ఇప్పటికే చేతికొచ్చి ఉంటే, మొత్తం మాత్రమే ఉన్న కాగితంతో సరిపెట్టుకోకుండా వరుసవారీ బిల్లు అడగండి. వాడని ఇంజెక్షన్లు, ఒకే వస్తువు రెండుసార్లు వేయడం అందులోనే బయటపడతాయి. తేడా కనబడితే ఆస్పత్రి యాజమాన్యానికి రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. డబ్బిచ్చి చేయించుకున్న వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు, గడువు రెండేళ్లు.