పొదుగు మీది కోడి లేచిపోతోందా? కోడితో పాటు గూడునూ చూడండి

దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్, తుర్కయంజాల్, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు వెళ్తే ప్లాట్ల మధ్యనే గేదెల కొట్టం, దాని పక్కన కోళ్ల గూడు ఇప్పటికీ కనిపిస్తాయి. ఎండలు ముదిరే వేళకు ఈ రైతుల దగ్గరి నుంచి నాకు వచ్చే మాట దాదాపు ఒకటే. "సార్, కోడి పది రోజులు మంచిగ పొదిగింది. తర్వాత గుడ్ల మీద కూసుంట లేదు. గుడ్లన్నీ మురిగిపోయినయ్." కొందరు దిష్టి అంటారు, కొందరు కోడి మంచిది కాదని అమ్మేస్తారు. ఆ కోడిని అమ్మే ముందు ఒక్కసారి గూట్లోని గడ్డి ఎత్తి చూడండి.

ఈ నష్టం చిన్నది కాదు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు పొదుగుకు కూర్చోవడం చాలా అరుదు. వాటి గుడ్లను కూడా మనం నాటుకోడి కిందే పెడతాం. ఆ ఒక్క కోడి లేచిపోతే ఒక విడత పిల్లలు మొత్తం పోయినట్టే.

పక్షి గూడు పురుగులకు దొరికిన వెచ్చని ఇల్లు. 21 రోజులు కదలకుండా కూర్చునే కోడి, కింద ఎండుగడ్డి, ఈకలు, రెట్ట. వాటికి ఇంకేం కావాలి? ఇందులో మనకు ఎక్కువ నష్టం చేసేది కోడి నల్లి. మంచంలో దొరికే నల్లి వేరు, బెండ మీది ఎర్రనల్లి వేరు. కోడి నల్లి ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఆకలితో ఉన్నప్పుడు బూడిద రంగులో, రక్తం తాగాక ఎర్రగా ఉంటుంది. పగలంతా కర్రల సందుల్లో, గోడ పగుళ్లలో దాక్కుని రాత్రి కోడి మీదికి ఎక్కుతుంది. అందుకే పగలు కోడిని పట్టుకుని ఈకలు విప్పి చూసి "ఏమీ లేవు సార్" అంటారు. వేడి వాతావరణంలో గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి వారం చాలు. నల్లి పెరిగితే కోడి జుట్టు, తమ్మెలు పాలిపోతాయి, గుడ్లు తగ్గుతాయి, చిన్న పిల్లలైతే రక్తం చాలక చనిపోతాయి.

ఇలాగే పగుళ్లలో దాగే ఇంకోటి కోళ్ల పిడుదు. ఇది స్పైరోకీటోసిస్ అనే జ్వరాన్ని ఒక కోడి నుంచి మరో కోడికి మోస్తుంది. ఏళ్ల తరబడి తిండి లేకపోయినా బతకగలదు. గూడును నెల రోజులు ఖాళీగా వదిలేశాం కదా, అన్నీ చచ్చిపోయి ఉంటాయి అనుకుంటే పొరపాటే.

ఇప్పుడు తల ఎత్తి చూరు వైపు చూడండి. అపార్ట్‌మెంట్లు పెరిగాక మన ప్రాంతంలో పావురాలూ పెరిగాయి. ఏసీ పెట్టెల వెనకే కాదు, కొట్టం రేకుల కింద కూడా గూళ్లు పెడుతున్నాయి. పావురం ఒకే గూట్లో మళ్లీ మళ్లీ గుడ్లు పెడుతుంది, శుభ్రం చేయదు. ఆ గూళ్లలో నల్లులతో పాటు చదునుగా ఉండే గోధుమరంగు పావురం ఈగ కూడా ఉంటుంది. అది పావురాలకే ఎక్కువ బెడద. నల్లి అలా కాదు. పిల్లలు ఎగిరిపోయిన రోజు నుంచి దానికి రక్తం దొరకదు. అప్పుడు అది గోడ వెంట దిగి కింద ఉన్న కోళ్ల మీదికి వస్తుంది, కిటికీ పక్కనుంటే మంచం మీదికీ వస్తుంది. మన రక్తంతో అది నిలదొక్కుకోలేదు, కానీ కుట్టిన చోట దద్దుర్లు, దురద తప్పవు.

కాబట్టి పిల్లలున్న గూడును పీకకండి. పిల్లలు చస్తాయి, నల్లి మాత్రం చెల్లాచెదురై కిందికి దిగుతుంది. పిల్లలు ఎగిరిపోయిన వెంటనే, రెండు మూడు రోజుల్లోపే తీసేయాలి. ముక్కు, నోటికి గుడ్డ కట్టుకోండి, ముందు నీళ్లు చల్లి తడపండి. ఎండు రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. తీసిన గూడును దూరంగా కాల్చేసి, ఆ సందును వలతో మూసేయండి. ఊరపిచ్చుక గూడు కోళ్లకు దూరంగా ఉంటే దాని జోలికి పోనవసరం లేదు. గూట్లో కనిపించే ప్రతి పురుగూ శత్రువు కాదు. రాలిన ఈకలు తిని బతికే చిమ్మట పురుగులుంటాయి, నల్లిని తినే చిన్న జీవులూ ఉంటాయి.

మీ గూట్లో నల్లి ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. అట్టముక్కను మడిచి కోళ్లు కూర్చునే కర్ర కింద రెండు రాత్రులు కట్టి ఉంచండి. తర్వాత తెల్ల కాగితం మీద దులపండి. బూడిద రంగు, ఎర్ర చుక్కలు కదిలితే నల్లి ఉన్నట్టే.

ఉంటే పాత గడ్డి మొత్తం కాల్చేయండి. కర్రలు, గంపలు బయటకు తీసి సందుల్లో సలసల మరిగే నీళ్లు పోయండి. పగుళ్లను మట్టితో పూడ్చి సున్నం వేయండి. మందు కొట్టాల్సి వస్తే పశువైద్యుణ్ని అడిగి, ఆయన చెప్పిన మోతాదులో, కోళ్లను బయటకు తోలి ఖాళీ గూట్లోనే కొట్టండి. గుడ్లలో మిగిలిన నల్లి మళ్లీ పుడుతుంది, అందుకని వారం పది రోజులకు రెండోసారి తప్పదు. చాలామంది విఫలమయ్యేది ఈ రెండోసారి దగ్గరే.

ఇంట్లో మిగిలిన వరి మందు మాత్రం వాడొద్దు. కాండం తొలుచు పురుగుకు మనం వేసే ఫిప్రోనిల్ ఉంది కదా, 2017లో యూరప్‌లో కోళ్ల షెడ్లలో ఈ నల్లి కోసమే దాన్ని వాడారు. అది గుడ్లలోకి చేరింది. నెదర్లాండ్స్, బెల్జియం దేశాల నుంచి వచ్చిన లక్షల గుడ్లను దుకాణాల నుంచి వెనక్కి తీయాల్సి వచ్చింది. మన ఇంట్లో ఆ గుడ్లు తినేది మన పిల్లలే.

కొత్తగా పొదుగుకు పెట్టేటప్పుడు అడుగున పొడి బూడిద, పైన కొత్త వరిగడ్డి, మధ్యలో వేపాకు వేయండి. ఊరపిచ్చుకలు గూట్లోకి వేపాకు తెచ్చుకోవడం మన దేశంలో గమనించి 1981లోనే పత్రికలో రాశారు. మెక్సికో నగరంలోని పిచ్చుకలైతే సిగరెట్ పీకలు తెచ్చుకుంటాయి. పీకలు ఎక్కువున్న గూళ్లలో నల్లులు తక్కువగా కనిపించాయి. మనం పీకలు ఏరాల్సిన పని లేదు. వేపాకు ఒక్కటే నల్లిని చంపుతుందని మాత్రం నమ్ముకోకండి, గూడు కడిగాకే అది పనికొస్తుంది. పొదుగు మొదలైన పదో రోజున, కోడి మేతకు దిగినప్పుడు, గడ్డి ఎత్తి మరోసారి చూడండి. నల్లి కనిపిస్తే గుడ్లను పొడి గుడ్డతో తుడిచి, కొత్త గడ్డి వేసిన వేరే గంపలో పెట్టి, చీకటి పడ్డాక కోడిని అందులో కూర్చోబెట్టండి.