ఇంట్లోనే వాటర్ బ్లాక్: కోత కంటే నీళ్ళే ముఖ్యం

వెల్దుర్తి నుంచి మాట్లాడుతున్నా. "అన్నా, పీసీకి వాటర్ కూలింగ్ కొనాలంటే రేటు ఎక్కువ. ఆ బ్లాక్ మనమే చేసుకోవచ్చా?" అని చాలామంది అడిగారు. చేసుకోవచ్చు. కాకపోతే మన పల్నాడులో రెండు విషయాలు తెలియకుండా మొదలుపెడితే బ్లాక్‌తో పాటు మదర్‌బోర్డూ పోతుంది.

ముందు అసలు సంగతి. వాటర్ బ్లాక్ అంటే ప్రాసెసర్ మీద కూర్చునే రాగి బిళ్ళ. దాని లోపల సన్నటి కాలవలుంటాయి. చిప్ వేడి రాగిలోకి, రాగి నుంచి నీళ్ళలోకి, నీళ్ళ నుంచి రేడియేటర్‌లోకి వెళ్తుంది. అక్కడ ఫ్యాన్ దాన్ని గదిలోకి తోసేస్తుంది. కారు ఇంజన్‌కి జరిగేదీ ఇదే.

నిమిషానికి 1 లీటరు నీళ్ళు తిరిగితే, 100 వాట్ల వేడిని మోసినా ఆ నీళ్ళు 1.5 డిగ్రీలు కూడా పెరగవు. అంటే నీళ్ళకి సత్తా ఉంది. ఇబ్బందల్లా రాగికీ నీళ్ళకీ తగిలే చోటు చాలకపోవడమే. అందుకే కాలవలు. 1981లో స్టాన్‌ఫర్డ్‌లో టకర్‌మన్, పీస్ అనే ఇద్దరు సిలికాన్‌లోనే వెంట్రుకంత కాలవలు చెక్కి, చదరపు సెంటీమీటరుకి 790 వాట్లు లాగి చూపించారు.

మనకి అంత అక్కర్లేదు. 50 మిల్లీమీటర్ల చదరం, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న రాగి ప్లేటు తీసుకోండి. మిల్లింగ్ మెషీన్ ఉన్న షాపులో 1 మిల్లీమీటరు వెడల్పుతో కాలవలు కోయించండి. అడుగున 2 మిల్లీమీటర్లు వదలాలి. పైన అక్రిలిక్ మూత, మధ్యలో రబ్బరు ఓ-రింగ్. చిప్‌కి తగిలే వైపుని మందపాటి అద్దం మీద నీటి ఎమ్రీ పేపర్ పరిచి 400, 800, 1200 వరసలో రుద్దండి. అద్దంలా మెరవక్కర్లేదు, సమంగా ఉంటే చాలు.

ఇప్పుడు ఆ రెండు విషయాలు.

ఒకటి, లోహాలు. చవగ్గా వస్తుందని అల్యూమినియం రేడియేటర్ తగిలించకండి. రాగి, అల్యూమినియం, మధ్యలో నీళ్ళు... అది బ్యాటరీ అయిపోతుంది. అల్యూమినియం గుంటలు పడి కరుగుతూ చివరికి లీకవుతుంది. రాగికి రాగి లేదా ఇత్తడి రేడియేటరే జోడీ.

రెండు, నీళ్ళు. మనది సున్నపురాయి నేల. బోరు నీళ్ళు పట్టిన బకెట్‌కి తెల్లటి పొర కడుతుంది చూశారా? అదే పొర 1 మిల్లీమీటరు కాలవలో కడితే దారి మూసుకుపోతుంది. క్యాన్ నీళ్ళు కూడా వద్దు, వాటిలోనూ లవణాలుంటాయి. డిస్టిల్డ్ వాటర్ కొనండి, అందులో తుప్పు పట్టనివ్వని పీసీ కూలెంట్ కలపండి.

బిగించేముందు లీక్ టెస్ట్ తప్పనిసరి. బ్లాక్‌ని పీసీ బయటే పెట్టి, కింద టిష్యూ పరిచి, పంపుకి వేరే కరెంటిచ్చి 24 గంటలు తిప్పండి. టిష్యూ మీద చుక్క తడి కనపడినా మళ్ళీ మొదటికి రండి.

చివరిగా ఒక నిజం. ఎండాకాలం వస్తే వార్తల్లో మన రెంటచింతల పేరు వినపడుతుంది కదా. గది 42 డిగ్రీలుంటే మీ నీళ్ళు 42కి కిందకి రావు. వాటర్ బ్లాక్ ఏసీ కాదు, వేడిని మోసే కూలీ మాత్రమే. ముందు కిటికీ తెరిచి, పాత ఫ్యాన్ దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ మార్చి చూడండి. అప్పటికీ వేడి తగ్గకపోతే రాగి ప్లేటు కొనండి.