ముగింపు తెలియని పాట

పెండ్లి పందిట్లో సన్నాయి వాయించే విద్వాంసునికి ఒక చిక్కు ఉన్నది. కచేరీ చేసే గాయకునికి లేని చిక్కు అది. ముహూర్తము ఎనిమిది గంటల పన్నెండు నిమిషాలకని శుభలేఖలో అచ్చు వేసినంత మాత్రాన మాంగల్యధారణ ఆ నిమిషానికే జరుగదు. పురోహితుడు తొందరపడవచ్చు, మేనమామ రావడము ఆలస్యము కావచ్చు, ఫొటో తీసేవాడు అందరినీ నిలబెట్టవచ్చు. అంతవరకు వాద్యము ఆగరాదు, విన్నవారికి విసుగు పుట్టరాదు. పురోహితుని చేయి పైకి లేచిన మరుక్షణములో, కీర్తన ఏ చరణములో ఉన్నా సరే, గట్టిమేళము మ్రోగాలి. అందుకే అతని వేళ్ళు సన్నాయిమీద ఉన్నా కన్ను మాత్రము వేదికమీదనే ఉంటుంది.

నేడు వీడియో గేములకు సంగీతము కూర్చేవారికి ఎదురయ్యే సమస్య సరిగా ఇటువంటిదే. తేడా ఒక్కటే. సన్నాయి విద్వాంసుడు పందిట్లో ఉంటాడు. గేము స్వరకర్త ఆట జరిగేచోట ఉండడు. ఎప్పుడు ఏది మ్రోగాలో, ఎప్పుడు ఏది ఆగాలో యంత్రానికి ముందుగానే బోధించి తాను తప్పుకోవాలి.

సాహిత్యపు పుటలో వీడియో గేముల ప్రస్తావన ఏమిటని కొందరు పెద్దలు కనుబొమలు ముడువవచ్చు. మన పౌరాణిక నాటకాలకు ఊపిరిపోసిన హార్మోనియమును ఆలిండియా రేడియో 1940 నుండి 1971 వరకు దగ్గరకు రానీయలేదు. కొత్త వాద్యముపట్లనైనా, కొత్త రంగస్థలముపట్లనైనా తీర్పు చెప్పే ముందు కొంతసేపు వినడము మంచిది. మన విద్యార్థులు చెవులకు తగిలించుకొని తిరిగే సంగీతములో ఇదికూడ ఒక భాగము. అందులో ఏమున్నదో ఉపాధ్యాయులు తెలుసుకొనడము వృథా కాదు.

సినిమాకు సంగీతము కూర్చేవానికి కాలము చేతిలో ఉన్నది. నాయిక తలుపు తెరిచేది ఎన్నవ సెకనులోనో అతడు తెరమీద చూచి, అక్కడికి వయొలినులను సిద్ధము చేస్తాడు. నూరుసార్లు ప్రదర్శించినా ఆ తలుపు ఆ సెకనులోనే తెరుచుకుంటుంది. గేములో కాలము ఆడేవారి చేతిలో ఉన్నది. ఒక గదిని ఒక పిల్లవాడు పది సెకనులలో దాటిపోతాడు. వేరొకడు దారి తోచక అరగంట అక్కడే తిరుగుతాడు. ఇద్దరికీ అదే సంగీతము సరిపోవాలి.

ఈ చిక్కుకు తొలినాళ్ళలో దొరికిన సమాధానము ఎంత చిన్నదో చూడండి. 1978లో జపానులోని టైటో కంపెనీకై తొమొహిరో నిషికాడో రూపొందించిన ‘స్పేస్ ఇన్‌వేడర్స్’లో సంగీతమని చెప్పదగినవి నాలుగే స్వరాలు. పైనుండి క్రిందికి దిగే ఆ నాలుగు మందరస్వరాలు ఆపకుండ మ్రోగుతూనే ఉంటాయి. శత్రువుల సంఖ్య తగ్గేకొద్దీ మిగిలినవారి నడక వేగమవుతుంది. ఆ నాలుగు స్వరాల లయకూడ దానితోపాటు వేగమవుతుంది. ఆడేవాని గుండె ఏ లయలో కొట్టుకోవాలో ఆ స్వరాలే నిర్ణయిస్తాయి. రాగము లేదు, సాహిత్యము లేదు. అయినా రసము ఉన్నదని ఒప్పుకోక తప్పదు.

ఇప్పుడు పెద్ద కంపెనీల గేములకు వందలమంది పనిచేస్తారు, సంపూర్ణ వాద్యబృందాలు వాయిస్తాయి. వాటిని గురించి ఇక్కడ చెప్పబోవడము లేదు. ఒకరో, ఇద్దరో, పదిమందో కలిసి, పెద్ద పెట్టుబడిదారుని ఆజ్ఞ లేకుండ తయారుచేసే గేములను స్వతంత్ర గేములంటున్నారు. జపానులో డైసుకె అమాయ అనే ఆయన తీరిక సమయాలలో అయిదేండ్లు శ్రమించి, 2004లో ‘కేవ్ స్టోరీ’ అనే గేమును ఉచితముగా లోకానికి ఇచ్చినాడు. కథ, బొమ్మలు, ప్రోగ్రాము, సంగీతము అన్నీ ఆయనవే. అంతే కాదు, ఆ సంగీతము వ్రాసుకొనడానికి కావలసిన పనిముట్టునుకూడ ఆయనే తయారుచేసుకొన్నాడు. వీణ వాయించదలచినవాడు పనసచెట్టు నాటడముతో మొదలుపెట్టినట్లున్నది.

ఇక పనితనము సంగతి. మొదటిది ఆవృత్తి. మన తాళశాస్త్రములోని ఆవర్తమనే మాట దీనికి చక్కగా అతుకుతుంది. రెండు మూడు నిమిషాల సంగీతము వ్రాసి, చివరనుండి మొదటికి మళ్ళీ అతుకుతారు. అతుకు వినబడరాదు. తంబుర మీటి వదిలితే నాదము వెంటనే చావదు గదా. ముక్తాయింపు స్వరపు నాదమును అక్కడే కోసివేస్తే చెవికి దెబ్బ తగిలినట్లుంటుంది. అందుచేత ఆ చివరి నాదపు తోకను తీసి మొదటి స్వరముమీద పరుస్తారు. రెండవది పొరలు. శ్రుతి, మద్దెల, వయొలిను, పాట ఇవన్నీ ఒకే లయలో, ఒకే శ్రుతిలో వేర్వేరుగా రికార్డు చేసి ఉంచుతారు. ఆడేవాడు నిశ్శబ్దముగా నడిచేవేళ శ్రుతి మాత్రమే వినబడుతుంది. అపాయము దాపుకు వచ్చినకొద్దీ మద్దెల తెరుచుకుంటుంది. మూడవది మలుపు. యుద్ధము ఆరంభమైనదని సంగీతము నడిమధ్యలో తెగరాదు. నడుస్తున్న ఆవర్తము ముగిసేవరకు ఓర్చుకొని అప్పుడే కొత్త ఘట్టములోనికి దూకాలి. 1991లో లూకస్‌ఆర్ట్స్ సంస్థలో మైకేల్ లాండ్, పీటర్ మెకానెల్ అనే ఇద్దరు సంగీతకారులు ఇందుకొరకే ‘ఐమ్యూజ్’ అనే యంత్రాంగమును నిర్మించినారు. నేడు ‘ఎఫ్‌మాడ్’ వంటి సాధనాలు ఆ పనినే ఇంకా సులువుగా చేసిపెడుతున్నవి. చిన్న నిర్మాతలకు అవి ఉచితముగానే దొరుకుతున్నవి.

అయితే సాధనము దొరికినంతలో విద్య దొరకదు. సంగీతము నేర్చుకొనే విద్యార్థులు ఒక పరీక్ష చేసి చూడవచ్చు. మోహనరాగములో నాలుగు ఆవర్తాల స్వరబంధము మీకు నచ్చినట్లు అల్లి, రికార్డు చేసి, వరుసగా యాభైసార్లు వినండి. మొదటిసారి మెచ్చుకొన్న సంగతే ముప్పయ్యవసారికి ముల్లువలె గుచ్చుతుంది. కచేరీలో చప్పట్లు తెచ్చే చమత్కారము ఇక్కడ శత్రువు. ‘బ్రెయిడ్’ (2008) అనే గేములో ఆడేవాడు జరిగిపోయిన కాలమును వెనుకకు త్రిప్పగలడు. అప్పుడు సంగీతముకూడ తలక్రిందులుగా, చివరినుండి మొదటికి నడుస్తుంది. నిర్మాత జోనథన్ బ్లో కొత్తగా సంగీతము వ్రాయించలేదు. ఇతరుల రికార్డులనే అనుమతితో తీసుకొన్నాడు. తికమకపడి చాలసేపు ఆలోచించేవారికి విసుగు పుట్టనంత దీర్ఘమైనవి, వెనుకకు నడిపినా వినసొంపు చెడనివి వెదకి ఎన్నుకొన్నాడు. ఎన్నుకొనడములోకూడ స్వరకర్తృత్వము ఉన్నదనడానికి ఇది చాలు.

మౌనము మాట ఒకటి చెప్పవలసి ఉన్నది. ‘మైన్‌క్రాఫ్ట్’ తెలియని విద్యార్థి నేడు అరుదు. స్వీడనులో మార్కస్ పెర్సన్ మొదలుపెట్టిన ఆ గేముకు డేనియల్ రోజెన్‌ఫెల్డ్ అనే జర్మను యువకుడు సీ418 అనే మారుపేరుతో సంగీతము కూర్చినాడు. ఆట సాగుతుండగా నిమిషాల తరబడి ఏ సంగీతమూ ఉండదు. ఎప్పుడో, చెప్పకుండ, పొరుగింటినుండి వినవచ్చినట్లు పియానో స్వరాలు నాలుగు వినబడి మళ్ళీ మాయమవుతాయి. ఎప్పుడు వస్తుందో తెలియదు గనుక వచ్చినప్పుడు మనసు అటు తిరుగుతుంది. 2011లో వెలువడిన ఆ సంగీతపు సంపుటిని అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2025లో భద్రపరచదగిన జాతీయ ధ్వనిముద్రణల జాబితాలో చేర్చినది.

ఇవన్నీ ఒక ఎత్తు, ‘అండర్‌టేల్’ ఒక ఎత్తు. టోబీ ఫాక్స్ అనే అమెరికను యువకుడు 2013లో జనుల వద్ద చందాగా యాభైయొక్క వేల డాలర్లు పోగుచేసి, చిత్రరచనలో కొందరి తోడ్పాటు తీసుకొని, 2015లో దీనిని వెలువరించినాడు. కథ, ప్రోగ్రాము, సంగీతము తానే చూచుకొన్నాడు. సంగీతము ఎవరివద్దనో శాస్త్రోక్తముగా నేర్చినవాడు కాడు, స్వయముగా సాధించినవాడు. సంపుటిలో నూటొక్క స్వరరచనలు ఉన్నవి. పెక్కు ఘట్టాలకు ప్రోగ్రాము వ్రాయకముందే సంగీతము వ్రాసుకొన్నాడట. ఘట్టము ఎట్లు నడవాలో ఆ సంగీతమే అతనికి చెప్పినది. సందర్భమునకు పాట వ్రాయడము మనకు అలవాటు. పాటనుబట్టి సందర్భము పుట్టడము ఇక్కడ విశేషము.

కథ సంగ్రహముగా ఇది. ఒక పసివాడో పసిదో భూగర్భములోని వింతజీవుల రాజ్యములో పడిపోతుంది. ఎదురుపడిన ప్రతి జీవినీ చంపవచ్చు, మాటలతో లాలించి విడిచిపెట్టనూ వచ్చు. ఏది చేసినా ఆట ముందుకు సాగుతుంది. ప్రారంభములో చిన్నపిల్లల బొమ్మవాద్యమువలె వినిపించే ఒక స్వరబంధము ఉన్నది. అది గేము పొడవునా వేషాలు మార్చుకొని వస్తూ ఉంటుంది. చివరి ఘట్టాలలో మహోద్ధృతమైన యుద్ధగీతములో మళ్ళీ తలయెత్తుతుంది. ఆడేవానికి కారణము తెలియకుండానే కన్ను చెమరుస్తుంది. గంటలక్రితము విన్న పిల్లపాట జ్ఞాపకములో పనిచేస్తున్నదని అతడు గుర్తింపడు.

అంతకంటె గొప్ప సంగతి మరొకటి ఉన్నది. ఆడేవాడు దయలేక ఒక ప్రదేశములోని జీవులనందరినీ వెదకి వెదకి చంపినాడనుకోండి. ఇక పోరాటానికి ఎవరూ రారు. అప్పుడు వినబడేది ఒక మూలుగువంటి ధ్వని. అది కొత్త సంగీతము కాదు. ఆట మొదట్లో ఒక పువ్వు చిరునవ్వుతో పలకరించినప్పుడు వినిపించిన హుషారైన పాటనే ఎంతో విలంబములో, పాతాళపు స్థాయిలో వినిపిస్తున్నారు. ఊళ్ళలోని సంగీతముకూడ వేగము తగ్గి దిగాలు పడుతుంది. ఎవరూ తిట్టరు, నీతి చెప్పరు. చేసిన పని చెవికి తెలుస్తుంది, అంతే. సినిమా సంగీతము పాత్ర చేసిన పనికి సాక్షిగా నిలుస్తుంది. ఇక్కడ సంగీతము వింటున్నవాడు చేసిన పనికే సాక్షి. శ్రోతను నిలదీసే ఈ శక్తి మరి ఏ సంగీతానికీ ఇంత సూటిగా లభించలేదని నా అభిప్రాయము. స్వరకర్త, కథకుడు ఒక్కరే కావడముచేత ఇది సాధ్యమైనదని తోస్తుంది.

కాని స్వరకర్త వేరు, నిర్మాత వేరు అయినచోట బ్రతుకుతెరువు ప్రశ్న వస్తుంది. చిన్న నిర్మాతల వద్ద ధనము తక్కువ. పూర్తి అయిన సంగీతానికి నిమిషానికి ఇంతని లెక్కకట్టి ఇవ్వడము ఒక పద్ధతి. అమ్మకాలలో వాటా ఇవ్వడము మరొకటి. గేము అమ్ముడుపోకపోతే ఆ వాటా సున్న. డబ్బు తక్కువ ఇచ్చి, హక్కులు మాత్రము స్వరకర్తకే వదలడము ఇంకొకటి. మైన్‌క్రాఫ్ట్ సంస్థను మైక్రోసాఫ్ట్ 2014లో 250 కోట్ల డాలర్లకు కొన్నప్పుడుకూడ రోజెన్‌ఫెల్డ్ పాటల హక్కులు రోజెన్‌ఫెల్డ్ వద్దనే ఉన్నవి. ‘సూపర్ మీట్ బాయ్’ (2010) కథ ఇంకా విచిత్రము. అందులో ఆడేవాడు క్షణక్షణానికి చస్తూ, మరుక్షణము లేస్తూ ఉంటాడు. డానీ బారనౌస్కీ సంగీతము మాత్రము ఒక్కసారికూడ తెగదు. ఆ ధార తెగనందువలననే నూరవ ఓటమికికూడ ఆడేవాడు చేయి విదల్చి లేచిపోడు. ఆ పాటల హక్కు బారనౌస్కీది. 2015లో ఆ గేము ప్లేస్టేషనుకు వెళ్ళినప్పుడు ఆయన సంగీతము దానివెంట వెళ్ళలేదు. ఇతరులు కొత్త సంగీతము వ్రాయవలసివచ్చినది. బొమ్మలు అవే, గంతులు అవే, పాట వేరు. నాకు రెండూ ఒకే గేము అనిపించలేదు. హక్కుల పత్రములోని ఒక వాక్యము కళాస్వరూపమును ఎంత మార్చగలదో మన రచయితలు, స్వరకర్తలు గమనింపదగినది.

మన దేశములో? పూనాలోని నాడింగ్ హెడ్స్ సంస్థ 2020లో ‘రాజీ’ అనే గేమును విడుదల చేసినది. మన పురాణాల దేవతలు, రాక్షసులు, రాజస్థాను కోటలను తలపించే కట్టడాలు అందులో ఉన్నవి. దానికి సంగీతము కూర్చినవాడు లినోస్ ట్జెలోస్ అనే గ్రీకు దేశీయుడు. భారతీయ వాద్యధ్వనులకు బాల్కను పోకడలు జతచేసి వినసొంపుగానే కూర్చినాడు. అందుకు ఆక్షేపణ లేదు. కాని కాలపరిమితి ఎరుగని ఆలాపన మన సొత్తు. సభ ముఖము చూచి నెరవును పెంచడము, కుదించడము మన గాయకులకు దినచర్య. అటువంటి విద్య ఉన్నవారు ఈ రంగమువైపు ఇంకా ఎక్కువగా కన్నెత్తి చూడాలని కోరడము అత్యాశ కాదు.

పొరుగు భాషవారు ఒకరు చూచినారు. కెనడాలోని టొరంటో నగరములో విసై గేమ్స్ అనే చిన్న సంస్థ 2023లో ‘వెణ్బా’ అనే గేమును వెలువరించినది. వెణ్బా అనేది తమిళములో ఒక ప్రాచీన ఛందస్సు పేరు. ఇక్కడ కథానాయిక పేరు. 1980లలో కెనడాకు వలసపోయిన ఆ ఇల్లాలు, తల్లి ఇచ్చిన, అక్షరాలు చెరిగిపోయిన వంటల పుస్తకము ముందుంచుకొని ఇడ్లీ మొదలుకొని ఒక్కొక్కటే వండుతుంది. చెరిగిన మాటలు ఏమై ఉంటాయో ఊహించి వండడమే ఆట. ఆ వంటింటిలో రేడియో ఒకటి మ్రోగుతూ ఉంటుంది. ఆల్ఫా సమ్‌థింగ్ అనే పేరుగల స్వరకర్త దానికొరకు కొత్తగా పాటలు కట్టినాడు. కథలో ఏండ్లు గడిచేకొద్దీ ఆ పాటల బాణీ ఆయా దశకాల తమిళ సినిమా పాటల బాణీలోనికి మారుతుంది. కొడుకు పెరిగి తమిళము మరచిపోతున్నాడు. గిన్నెలో పోపు చిటపటలాడుతుంది, రేడియోలో పాట నడుస్తూ ఉంటుంది; పొయ్యి ఆర్పేవరకు ఆ పాట ఆగదు.