స్టెప్నీ లేదు.. దారేదీ?

హోసూరు: బండి నిండా జనం. డిక్కీ నిండా సామాన్లు. కృష్ణగిరి దాటి కుప్పం వైపు పెళ్లికి పోతుంటే వెనక చక్రం దబదబమంటుంది. పక్కన మోటారుసైకిల్ మీద పోయే మనిషి చెయ్యి ఊపి, ‘అన్నా, గాలి లేదు సూడు’ అని కేకేసి వెళ్లిపోతాడు. దిగి, సామానంతా కిందికి దించి, డిక్కీ అడుగున అట్ట ఎత్తి చూస్తే ఏముంటుంది? స్టెప్నీ ఉండాల్సిన గుంతలో ఓ ప్లాస్టిక్ డబ్బా, ఓ సీసా. లేదంటే గ్యాసు ట్యాంకు. అదీ కాకపోతే నాలుగు నెలల కింద పంక్చరై, వేయించడం మరచిపోయిన పాత టైరే!

హోసూరు, డెంకణీకోట, తళి, సూళగిరి ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఇది కొత్త తలనొప్పి. కొలువు బెంగళూరులో, చుట్టరికం చిత్తూరు జిల్లాలో, మొక్కు తిరుపతిలో. వారానికోసారైనా మూడు రాష్ట్రాల రోడ్లు తొక్కక తప్పదు. ఇంటింటికీ కారొచ్చింది గానీ, అందులోంచి అయిదో చక్రం మెల్లగా మాయమవుతోంది.

దీనికి కారణం లేకపోలేదు. 2020 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ మోటారు వాహన నిబంధనలను సవరించింది. మూడున్నర టన్నుల లోపు బండ్లలో టైరు గాలిని ఎప్పటికప్పుడు కనిపెట్టి చెప్పే ఏర్పాటు, పంక్చరు వేసుకునే కిట్టు ఉంటే స్టెప్నీ ఇవ్వక్కర్లేదన్నది అందులోని ముఖ్యాంశం. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. చోటు కలిసొస్తుంది, కరెంటు కార్లలో బ్యాటరీకి జాగా దొరుకుతుందని అప్పట్లో చెప్పారు. ఆ మాట నిజమే. అయితే కిట్టు ఇచ్చినంత సులువుగా దాన్ని వాడటం నేర్పిన షోరూములు తక్కువ. తాళం చేతికిచ్చి, పూలదండేసి, ఫొటో తీసి పంపేస్తారు. డబ్బా మూత తెరిచేది చీకట్లో, రోడ్డు పక్కనే.

అంతకుముందు నుంచీ స్టెప్నీని బయట పారేసినవాళ్లూ ఉన్నారు. ఎల్పీజీ కిట్టు బిగించుకున్న కార్లలో గారె ఆకారపు ట్యాంకును సరిగ్గా స్టెప్నీ గుంతలోనే కూర్చోబెడతారు. ఇక చక్రం ఇంటి మూల చేరుతుంది. సీఎన్జీ ట్యాక్సీలదీ అదే బాధ. సిలిండరు పోగా మిగిలిన చోటు ప్రయాణికుల సూట్‌కేసులకే చాలదు.

వీధి పేరే చక్రం పేరు

అన్నట్టు, స్టెప్నీ అన్నది ఓ వీధి పేరని ఎందరికి తెలుసు? బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో లనెల్లీ అనే ఊరుంది. అక్కడి స్టెప్నీ వీధిలో థామస్ మోరిస్ డేవిస్ అనే ఆయన 1904లో ఈ అదనపు చక్రాన్ని తయారుచేశాడు. ఆ రోజుల్లో కార్లకు స్టెప్నీయే లేదు. పంక్చరైతే నడిరోడ్డు మీద కూర్చుని టైరు ఊడదీసి, ట్యూబుకు అతుకు వేసుకోవాల్సిందే. డేవిస్ చేసింది పుల్లలు లేని ఓ రింగు. దానికి గాలి నింపిన టైరుంటుంది. గాలి పోయిన చక్రం విప్పకుండానే దాని పక్కన బిగించుకుని పోవచ్చు. బ్రిటన్‌లో ఆ పేరు మరుగున పడింది. మనదేశంలో మాత్రం తెలుగు, తమిళ, కన్నడ డ్రైవర్లందరి నోటా ఇప్పటికీ అదే మాట. నూట ఇరవై ఏళ్లు తిరిగేసరికి కారు మళ్లీ స్టెప్నీ లేని కాలానికే వచ్చిందన్నమాట.

ఆపాలా? పోనివ్వాలా?

గాలి పోయిందని తెలిసిన మొదటి నిమిషమే కీలకం. గట్టిగా బ్రేకు తొక్కితే బండి ఓ పక్కకు లాగేస్తుంది. స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, యాక్సిలరేటరు మీద కాలు తీసి, వేగం దానంతట అదే తగ్గాక ఎడమకు తియ్యాలి. నాలుగు ఇండికేటర్లూ వెలిగించాలి. ఆరువరుసల రోడ్డు మీదైతే అందరూ దిగి, ఇనుప కంచె అవతలికి పోయి నిలబడటం మంచిది. చిన్నపిల్లలు నిద్రపోతున్నారని బండిలోనే ఉంచేస్తారు కొందరు. రాత్రిపూట ఆగిన కారును వెనక వచ్చే లారీ గుద్దిన సంఘటనలు ఈ దారిలో పోయేవాళ్లకు కొత్తేం కాదు. ఎర్ర త్రికోణాన్ని బండికి ఆనించి పెడితే లాభం లేదు. యాభై అడుగులు నడిచొచ్చి పెట్టినా తక్కువే.. యాభై మీటర్లు ఉండాలి.

గాలి లేని టైరు మీద బండి నడపరాదన్నది అందరికీ తెలిసిందే. బండి బరువు గాలి మీద కాక టైరు పక్కగోడల మీద పడుతుంది. రింగుకూ రోడ్డుకూ నడుమ రబ్బరు నలిగి, లోపలి దారాలు తెగుతాయి. కిలోమీటరు పోయేలోపే చిన్న మేకు పంక్చరు కాస్తా మొత్తం టైరు నష్టంగా మారొచ్చు. ఇంకాస్త పోతే రింగు వంగుతుంది.

అయితే ఈ నియమానికి మినహాయింపు లేదనుకుంటే పొరపాటు. డెంకణీకోట నుంచి అంచెట్టి మీదుగా హొగెనకల్ పోయే దారే తీసుకోండి. దారి పొడవునా అడవి, మలుపులు, ఏనుగుల తిరుగుడు. 2014లో కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించిన అడవి ఇటువైపే. చాలాచోట్ల ఫోన్ పలకదు. పొద్దుగూకాక అక్కడ జాకీ తీసి కూర్చోవడం తెలివైన పని కాదు. దీపాలు వేసుకుని, నడక వేగంతో, టైరు చిరిగినా సరేనని దగ్గర్లోని పల్లె దాకా పోవడమే అక్కడి పద్ధతి. టైరు పోతే కొన్ని వేలు. ‘రబ్బరు మళ్లీ కొనుక్కోవచ్చు సామీ, మనిషిని యాడ కొంటాము?’ అనేది ఆ పక్క పల్లెల్లో వినిపించే మాట. జాతీయ రహదారి మీద సొరంగంలోనో, వంతెన మీదో, గుడ్డి మలుపులోనో ఆగినా అంతే. ముందు చోటు మారాలి, టైరు సంగతి తర్వాత.

మేకు పీకొద్దు

ఇప్పటి కార్లకు దాదాపు అన్నీ ట్యూబులేని టైర్లే. వీటిలో ఓ సుగుణముంది. గుచ్చుకున్న మేకే కొంతవరకు బిరడాలా పనిచేసి గాలిని పట్టి ఉంచుతుంది. అందుకే మేకు కనబడగానే పీకేసేవాళ్లను చూస్తే పంక్చరు మేస్త్రీలు తల పట్టుకుంటారు. మేకు అలాగే ఉంచి, గాలి పట్టించి, అంగడి దాకా పోగలిగితే సగం కష్టం తీరినట్టే. డ్యాష్‌బోర్డులో పన్నెండు వోల్టుల సాకెట్టుకు తగిలించే చిన్న గాలి పంపు ఈ పనికి చాలు. ఇంజను ఆడుతుండగానే వాడాలి. పది నిమిషాలు ఏకధాటిగా తిప్పితే వేడెక్కుతుంది కాబట్టి మధ్యలో కాస్త ఆపాలి. ఎంత పట్టించాలన్నది డ్రైవరు తలుపు తెరిస్తే లోపల అంటించిన చీటీలో ఉంటుంది. చిన్న కార్లకు ముప్ఫై, ముప్ఫై అయిదు పాయింట్ల మధ్య.

టైరు పూర్తిగా చదునై, అంచు రింగును వదిలేసి ఉంటే మాత్రం ఈ బుల్లి పంపు చేతులెత్తేస్తుంది. ఎంత కొట్టినా గాలి పక్కనుంచి పోతూనే ఉంటుంది.

పంపుతో పాటు పంక్చరు కడ్డీలు, రబ్బరు వత్తులు ఉన్నవాళ్లు చక్రం విప్పకుండానే పని కానిచ్చుకోవచ్చు. ముందు చక్రమైతే స్టీరింగు పూర్తిగా ఓ పక్కకు తిప్పితే టైరు ముఖం బయటికొస్తుంది. వెనక చక్రమైతే మేకు చేతికందే ఎత్తుకు వచ్చేదాకా బండిని జానెడో మూరెడో కదపాలి. కన్నం కనబడకపోతే సబ్బునీళ్లు. అవీ లేకపోతే ఉమ్మి. బుడగ వచ్చిన చోటే దొంగ. మేకు ఏ వాలున దిగిందో చూసుకుని పటకారుతో లాగాలి. వెంటనే మరతిప్పుడు కడ్డీని అదే వాలున దించి, పైకీ కిందికీ ఆడించి కన్నాన్ని శుభ్రం చెయ్యాలి. ఆ తర్వాత సూది బెజ్జంలో వత్తిని సరిసమానంగా ఎక్కించి, కొసలు సెంటీమీటరు మేర బయట మిగిలేలా గుచ్చి, సూదిని ఒక్క ఊపున లాగాలి. వత్తి లోపలే ఉండిపోతుంది. మిగిలిన కొసలు కోసేసి గాలి పట్టిస్తే సరి. చెబితే నాలుగు మాటలు. చేస్తే మొదటిసారి చొక్కా తడిసిపోతుంది. కడ్డీ దింపడానికి మోచేతుల బలమంతా కావాలి. పాత టైరు ఒకటి తీసుకుని ఇంటి దగ్గర ఓసారి సాధన చేస్తే ఆ భయం పోతుంది.

ఇక కంపెనీవాళ్లిచ్చే సీసా సంగతి. అందులో ఉండేది జిగురు. వాల్వు గుండా టైరులోకి పంపితే, చక్రం తిరిగేకొద్దీ లోపలంతా పరుచుకుని కన్నాన్ని పూడుస్తుంది. పోసి ఊరకుంటే పూడదు. గాలి పట్టించిన వెంటనే అయిదారు కిలోమీటర్లు నడిపి, ఆపి, మళ్లీ గాలి చూడాలి. గంటకు ఎనభై కిలోమీటర్లు మించకూడదు. ఇది ఆరు మిల్లీమీటర్ల లోపు కన్నానికే, అదీ రోడ్డుకు ఆనే భాగంలో ఉంటేనే పనికొస్తుంది. పక్కగోడ చిట్లితే ఈ జిగురూ పనికిరాదు, వత్తీ పనికిరాదు. సీసా మీద గడువు తేదీ ఉంటుంది. కారు కొన్ననాడు ఇచ్చిన సీసాను ఆరేళ్ల తర్వాత తెరిస్తే గడ్డకట్టి కనిపించినా ఆశ్చర్యం లేదు.

చక్రం అంగడికి.. కారు రోడ్డు మీద

కిట్టూ లేదు, పంపూ లేదు. మరెలా? అంబాసిడర్ల కాలం నాటి దారి ఒకటుంది. చక్రం విప్పి పంక్చరు అంగడికి మోసుకుపోవడం. కన్నడ దారిలో ‘గాళి’, తమిళ దారిలో ‘కాత్తు’, మన పల్లెల్లో ‘గాలి’.. ఏ భాషలో అడిగినా చెట్టుకు వేలాడే పాత టైరే ఆ అంగడికి బోర్డు. పదిహేను కిలోల దాకా బరువుండే చక్రాన్ని మోటారుసైకిల్ వెనక కూర్చుని ఒళ్లో పెట్టుకుపోయే దృశ్యం సూళగిరి దారిలో కొత్త కాదు. ఆపి అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

చిక్కల్లా కారుతోనే. చక్రం తిరిగొచ్చేదాకా గంటో రెండు గంటలో బండి జాకీ మీదే నిలబడాలి. జాకీ అన్నది ఎత్తడానికే గానీ నిలబెట్టడానికి కాదు. మట్టి మీద పెడితే మెల్లగా దిగబడుతుంది. కింద పలక వెయ్యాలి, హ్యాండ్‌బ్రేకు లాగి మొదటి గేరులో పెట్టాలి, ఎదురు మూల చక్రానికి రాళ్లు అడ్డం పెట్టాలి. నట్లు బండి ఎత్తకముందే, చక్రం నేలను ఆనుకుని ఉన్నప్పుడే, సగం వదులు చెయ్యాలి. చక్రం తీశాక చట్రం కింద వెడల్పాటి రాళ్లో చెక్కలో పేర్చి పెట్టాలి. బండిలో ఎవరినీ కూర్చోబెట్టొద్దు, కిందకు ఎవరూ తల పెట్టొద్దు. విప్పిన నట్లు జేబులో వేసుకున్నవాడే తెలివైనవాడు. గడ్డిలో పడిన నట్టును ఫోను వెలుతురులో వెతికితే తెల్లారుతుంది. బిగించేటప్పుడు వరుసగా కాక ఎదురెదురుగా బిగించాలి. యాభై కిలోమీటర్లు పోయాక మరోసారి చూసుకోవాలి.

అరువు చక్రం మరో ఉపాయం. ట్యాక్సీ డ్రైవర్లకు ఇది బాగా అలవాటు. అదే రకం కారు కనబడితే చెయ్యెత్తి ఆపి, ‘అన్నా, అంగడి దాకా స్టెప్నీ ఇస్తావా, నీ వెనకాలే వస్తాను’ అంటారు. కొలతలు కలవాలి మరి. 185/65 ఆర్15 అని టైరు మీద ఉంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో నూటికి 65 వంతులు, రింగు 15 అంగుళాలు. ఇవి కలిసినా నట్ల కన్నాల దూరం కలవకపోతే చక్రం ఎక్కదు. నాలుగు నట్ల చక్రం అయిదు నట్ల కారుకు ఎలాగూ కుదరదు.

ఏదీ కుదరకపోతే ఫోను. జాతీయ రహదారుల మీద 1033 నంబరుకు చేస్తే రహదారి నిర్వాహకుల సాయం అందుతుంది. ఏ కిలోమీటరు రాయి దగ్గర ఉన్నారో, బండి ముఖం ఏ వైపుందో చెప్పాలి. బీమాతో పాటు రోడ్డు సాయం తీసుకున్నవాళ్లు పాలసీ కాగితం ఓసారి చదువుకోవడం మంచిది. ఆ సదుపాయం ఉన్నట్టే తెలియక లాగుడు బండికి సొంత డబ్బు కట్టినవాళ్లున్నారు.

మేకులెక్కడివి?

అసలిన్ని పంక్చర్లెందుకన్నది వేరే కథ. బెంగళూరు ఔటర్ రింగు రోడ్డు మీద రోజూ ఆఫీసుకు పోయే ఓ ఇంజినీరు అయస్కాంతం కట్టిన కర్రతో కిలోలకొద్దీ మేకులు ఏరి అందరి కళ్లూ తెరిపించారు. ఎవరో కావాలనే చల్లుతున్నారన్న అనుమానం అప్పట్లో గట్టిగా వినిపించింది. అలాగని ప్రతి పంక్చరు అంగడినీ అనుమానించడం న్యాయం కాదు. హోసూరు లాంటి పరిశ్రమల ఊళ్లో స్క్రూలూ, ఇనుప తరుగూ మోసే బండ్లకు లోటా? పైన పట్టా సరిగా కట్టకపోతే రాలేది రోడ్డు మీదే.

రోడ్డు పక్కన వేసుకున్న వత్తి ఇల్లు చేరడానికి సరిపోతుంది. తర్వాత టైరు విప్పించి, లోపలి నుంచి పుట్టగొడుగు అతుకు వేయిస్తే గట్టి. జిగురు పోసినవాళ్లు ఒక్క మాట మరవకూడదు. టైరు విప్పే ముందే ‘అన్నా, లోపల జిగురు పోసుండాము’ అని మేస్త్రీకి చెప్పాలి. లేదంటే వాల్వు ఊడదీసిన మరుక్షణం అదంతా ఆయన మొహానికే కొడుతుంది. కడిగే కూలీ కూడా వేరేగా అడుగుతారు.